అక్షరానికి బయటి దారి



చిక్కబళ్ళాపురం వైపు రైతులకు ఎగుమతి అనే మాట కొత్తది కాదు. ఈ చుట్టుపక్కల పండే బెంగళూరు రోజా ఉల్లిని ఇక్కడ కూరకు వాడేది తక్కువ, మలేసియా, సింగపూరు దేశాలకు పంపేది ఎక్కువ. 2015లో ఆ ఉల్లికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గడ్డను పీకిన వెంటనే ఓడ ఎక్కించరు. ఆరబెడతారు, సైజును బట్టి వేరు చేస్తారు, సంచికి ఎత్తుతారు, ఎక్కడి సరుకో తెలిసేలా గుర్తు వేస్తారు. అప్పుడే అది అవతలి దేశంలో చెల్లుతుంది.

కంప్యూటరు పనివాళ్ళకూ ఇలాంటి ఎగుమతి ఒకటి ఉంది. వాళ్ళు దాన్ని ఎక్స్‌పోర్టు అంటారు. ఒక ప్రోగ్రాములో రాసుకున్న విషయాన్ని ఆ ప్రోగ్రాము లేనివాళ్ళు కూడా చదువుకొనేలా ఒక పత్రంగా బయటికి తీయడమే ఆ ఎగుమతి. ఉల్లికీ అక్షరానికీ తేడా ఒక్కటే. ఉల్లి వెళ్ళిపోతే చేను ఖాళీ. అక్షరం వెళ్ళినా అసలు ప్రతి ఉన్నచోటే ఉంటుంది, బయటికి వెళ్ళేది నకలు. అందుకే ఈ పనిలో నష్టం లేదు, లాభమే ఉంది. అయినా చాలా ప్రోగ్రాముల్లో రాసుకోవడానికి వంద సదుపాయాలుంటాయి గాని, రాసినదాన్ని తీసుకుపోవడానికి దారి ఉండదు. ఉన్నా అది తెలుగుకు సరిగా పనిచేయదు.

ఇది ఈ కాలానికే పుట్టిన చిక్కు అనుకుంటాం. నిజానికి ఇది చాలా పాతది. రాసిన మాటను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి దించుకోవడం మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలో వందల ఏళ్ళుగా జరుగుతున్న పని. ఆ చరిత్రను ఒకసారి తిరగేస్తే, ఈనాటి యంత్రాలను ఏమడగాలో మనకే తెలుస్తుంది.

మొదట రాతి సంగతి చూద్దాం. కడప జిల్లా కలమళ్ళలో సుమారు 575 నాటి రేనాటి చోళుల తెలుగు శాసనం దొరికింది. మన నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయానికి సంబంధించి 9వ శతాబ్ది తొలినాళ్ళ శాసనాలున్నాయి. రాయి గట్టి పాత్ర. వాన పడినా, ఎండ కాసినా అక్షరం నిలుస్తుంది. అయితే రాయికి ఒక లోపం ఉంది. అది కదలదు. చదవాలంటే మనమే అక్కడికి వెళ్ళాలి. వెళ్ళినా ఆనాటి లిపి తెలిసి ఉండాలి.

ఆ రాతి అక్షరాలను కదిలించిన పనిలో పెద్ద పేరు బెంజమిన్ లూయిస్ రైస్ గారిది. ఆయన 1837లో బెంగళూరులోనే పుట్టిన ఆంగ్లేయుడు. మైసూరు సంస్థానంలో పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేసి, సంస్థానమంతటా సుమారు 9 వేల శాసనాలను సేకరించి, ఎపిగ్రాఫియా కర్ణాటికా అనే సంపుటాలుగా అచ్చు వేయించారు. అందులో 10వ సంపుటం కోలారు జిల్లాది. అది 1905లో వెలువడింది. అప్పటికి మన మూడు తాలూకాలూ కోలారు జిల్లాలోనివే. చిక్కబళ్ళాపురం విడిగా జిల్లా అయింది 2007లో కదా.

శాసనాన్ని కాగితం మీదికి దించే పద్ధతి వినదగినది. ముందు రాతిని శుభ్రంగా కడుగుతారు. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, కుచ్చు బిరుసుగా ఉన్న బ్రష్షుతో తట్టితే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. తర్వాత సిరా అద్దిన మెత్తతో పైపైన అద్దుతారు. గుంటల్లో సిరా అంటదు కాబట్టి అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. ఆరిన తర్వాత కాగితాన్ని చుట్టి చంకన పెట్టుకొని ఎక్కడికైనా పోవచ్చు. కదలని రాయి కదిలే కాగితమైంది.

రైస్ గారి సంపుటంలో ఇంకో విశేషముంది. ప్రతి శాసనానికీ తాలూకా పేరుతో ఒక గుర్తు, ఒక వరుస నంబరు ఇచ్చారు. బాగేపల్లి తాలూకా శాసనాలకు ఒక గుర్తు, చింతామణికి ఒకటి, చిక్కబళ్ళాపురానికి ఒకటి. ఫలానా ఊళ్ళో, ఫలానా గుడి దగ్గర, ఫలానా రాతి మీద ఉన్నదని రాశారు. మూలపాఠాన్ని కన్నడ అక్షరాల్లోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఇచ్చి, ఇంగ్లీషు అనువాదం చేర్చారు. అంటే ఒకే సరుకును మూడు రకాల సంచుల్లో పంపారన్నమాట. ఎవరికి ఏది వీలైతే అది అందుకుంటారు. ఒక పత్రాన్ని పలు రూపాల్లో బయటికి ఇవ్వాలనే ఆలోచన నూరేళ్ళకు ముందే మన తాలూకాల శాసనాల మీద అమలైంది.

ఇక్కడ మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఉంది. మాట ఒక్కటే బయటికి వస్తే చాలదు. అది ఏ ఊరిదో, ఎవరిదో, ఎప్పటిదో కూడా వెంట రావాలి. చిరునామా లేని శాసనపాఠం గుర్తులేని ఉల్లిసంచి వంటిది. సరుకు మంచిదే కావచ్చు, ఎక్కడిదో ఎవరు చెబుతారు?

రాతి తర్వాత తాటాకు. తాటాకు తేలిక, చుట్టూ తిరుగుతుంది. గంటంతో గీసి, మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా నిలుస్తుంది. కాని చెదలు, తేమ, పొగ దానికి శత్రువులు. అందువల్ల పాత గ్రంథాన్ని చూసి కొత్త ఆకుల మీద మళ్ళీ రాసుకోవాలి. రాయకపోతే ఆ గ్రంథం అక్కడితో సరి. మన పూర్వ సాహిత్యంలో మనకు మిగిలినదంతా ఎవరో ఒకరు ఓపికగా తిరిగి రాసినందువల్ల మిగిలినదే.

తిరిగి రాసేటప్పుడు తప్పులు పడతాయి. ఒకరు ఒక పాదం వదిలేస్తారు, ఇంకొకరు తమకు తెలిసిన మాట కలుపుతారు. ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారి దగ్గర చూడవచ్చు. 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టారు. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, తేడాలు గుర్తించి, శుద్ధప్రతి రాయించారు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించారు. ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. కడప మనకు దూరం కాదు, మదనపల్లె మీదుగా చింతామణి దారే. ఆ దారి పక్కన జరిగిన ఆ పని చెప్పే రెండో పాఠం ఇది: బయటికి వచ్చిన ప్రతిని అసలుతో పోల్చి చూడాలి. నకలు తీశాం కదా అని అసలును పారేయకూడదు.

మూడో పాఠం మైసూరు నుంచి. 1891లో అక్కడ స్థాపించిన ప్రాచ్య గ్రంథాలయానికి ఒక పండితుడు తెచ్చి ఇచ్చిన తాటాకు కట్టలో కౌటిల్యుని అర్థశాస్త్రం ఉందని 1905లో ఆర్. శామశాస్త్రి గారు గుర్తించారు. 1909లో దాన్ని అచ్చు వేయించారు. ఆకుల మీద ఉన్నది గ్రంథలిపి. పుస్తకంలో వచ్చింది నాగరలిపి. లిపి మారింది, కాని గ్రంథం మారలేదు. లిపి పాత్ర మాత్రమే, భాష అందులో పోసిన పాలు. ఈ సంగతి మన సీమవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎందుకంటే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడ అక్షరాలు నేర్చిన వాళ్ళం మనం.

1956 నవంబరు 1న భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు, తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇంటి మాట తెలుగు, బడి, కచేరీ, బస్సు పలక అన్నీ కన్నడ. ఆ రెండింటి మధ్య మన పెద్దలు ఒక ఉపాయం చేసుకున్నారు. తెలుగు పాటను కన్నడ అక్షరాల్లో రాసుకున్నారు. భజన పుస్తకం తీసి చూడండి, పౌరాణిక నాటకంలో వేషం కట్టేవారి పద్యాల నోటుపుస్తకం చూడండి. లిపి కన్నడం. పైకి చదివితే తెలుగు.

ఇందుకు అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ కైవార తాతయ్య. చింతామణి తాలూకా కైవారంలో పుట్టి, గాజుల వ్యాపారం చేసి, తర్వాత యోగిగా మారిన నారాయణప్ప గారు 1726లో జన్మించి 1836 వరకు, అంటే 110 సంవత్సరాలు జీవించారని సంప్రదాయం చెబుతుంది. అమర నారేయణ అనే ముద్రతో ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు పాడారు. తెలుగులో శతకం, కాలజ్ఞానం చెప్పారు. ఆ తెలుగు తత్త్వాలను మన సీమలో జనం చదువుకొనేది ఎక్కువగా కన్నడ లిపి పుస్తకాల్లోనే. నోట నిలిచిన పాట కాగితం ఎక్కింది, కాగితం నుంచి అచ్చుకు వెళ్ళింది. ఆ ప్రయాణంలో లిపి మారినా పాట మన ఊళ్ళలో బతికింది. లిపి మారకపోతే ఆ పాటను ఇంతమంది చదివి ఉండేవారే కాదు.

తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్ళు. రెండూ ఒకే పాత లిపి నుంచి మెల్లగా విడివడ్డాయి. 19వ శతాబ్దిలో అచ్చు అక్షరాలు పోతపోశాక ఆ తేడా స్థిరపడింది. అందువల్ల తెలుగు మాట కన్నడ లిపిలో చక్కగా ఇమిడిపోతుంది. హిందీ రాసే నాగరలిపిలో ఎ, ఒ అనే హ్రస్వాలకు మామూలుగా చోటు లేదు. కన్నడంలో ఉంది. కాబట్టి ఎద్దు, ఏరు, ఒడి, ఓడ అన్నీ తేడా చెడకుండా వస్తాయి.

అయినా కొంత జారిపోతుంది. చాలు అనే మాటలో మనం పలికే చకారం వేరు, చెట్టులో పలికేది వేరు. పాత తెలుగు నిఘంటువుల్లో ఆ మొదటి చకారానికి పైన చిన్న గుర్తు పెట్టి ౘ అని వేసేవారు. కన్నడ లిపిలో రెండింటికీ ఒకే అక్షరం. తెలుగు ఇంట్లో పుట్టినవాడు చూసి సరిగానే పలుకుతాడు. కాని ఇంట్లో తెలుగు తగ్గిపోయిన మనవడు అదే పుస్తకం తీసి చదివితే, చెట్టులో ఉన్నట్టే పలుకుతాడు. కాగితం మీద లేనిది చెవిలోంచి రావలసిందే. పాత్ర మార్చినప్పుడు ఏది జారిపోయిందో తెలిసి ఉండడం, వీలైతే పక్కన రాసి ఉంచడం మన నాలుగో పాఠం.

ఇప్పుడు పాటల నుంచి పొలాలకు వద్దాం. కంప్యూటరులోంచి పత్రం బయటికి రావడమంటే ఏమిటో మన రైతుకు మొదట తెలిసింది పహణీ వల్ల. వెనుక శానుభోగు, తర్వాత విలేజ్ అకౌంటెంటు దగ్గర ఉండే లెక్కల పుస్తకం నుంచి పహణీ చేత్తో రాసి ఇచ్చేవారు. బ్యాంకు అప్పుకు, కోర్టుకు, అమ్మకానికి, ప్రతిదానికీ అది కావాలి. కర్ణాటక ప్రభుత్వం భూమి అనే పథకం కింద, 2000 ప్రాంతంలో, 67 లక్షల మంది రైతులకు చెందిన సుమారు 2 కోట్ల భూమి రికార్డులను కంప్యూటరుకు ఎక్కించింది. తాలూకా కచేరీలో కిటికీ దగ్గర నిలబడి సర్వే నంబరు చెబితే, తొలి రోజుల్లో 15 రూపాయలకు అచ్చయిన పహణీ చేతికిచ్చేవారు. చేత్తో రాసిన పహణీ ఇక చెల్లదన్నారు.

ఇక్కడ గమనించవలసింది యంత్రం గొప్పతనం కాదు. రైతుకు యంత్రం లోపల తన పేరు ఉన్నదని చెబితే సరిపోదు. బ్యాంకు మేనేజరు ముందు పెట్టడానికి ఒక కాగితం కావాలి. దాని మీద తేదీ, అధికారి సంతకం ఉండాలి. బయటికి వచ్చిన పత్రం తన కాళ్ళ మీద తాను నిలబడాలి. ఇంకో సంగతి కూడా పహణీ నేర్పింది. లోపల పేరు తప్పు పడితే, బయటికి ఎన్నిసార్లు తీసినా అదే తప్పు శుభ్రంగా అచ్చయి వస్తుంది. అచ్చయినంత మాత్రాన నిజం కాదు. సరిహద్దుకు రెండు పక్కలా చేను ఉన్న కుటుంబాలకు ఇంకో కష్టం ఉంది. ఇక్కడ పహణీ కన్నడంలో, అక్కడ అడంగల్ తెలుగులో. ఒకే ఇంటి పేరు రెండు లిపుల్లో రెండు రకాలుగా పడితే, రెండూ ఒకరివేనని రుజువు చేసుకొనే భారం రైతు మీదే పడుతుంది.

ఇక కంప్యూటరులో తెలుగు అక్షరం ఎలా నిలిచిందో చూద్దాం. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది మనుషులు కుదుర్చుకున్న ఒప్పందం. 1980ల చివర, 1990లలో డి.టి.పి. కేంద్రాల్లో తెలుగు అచ్చు వచ్చినప్పుడు ఆ ఒప్పందం లేదు. ఒక్కొక్క కంపెనీ తన ఫాంటుకు తన లెక్క పెట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాల అంకెల మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించారు. పెళ్ళిపత్రిక అచ్చయ్యేది, పుస్తకం అచ్చయ్యేది. కాని అదే ఫైలును ఆ ఫాంటు లేని ఇంకో యంత్రంలో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు గీతలు కనిపించేవి. అలా టైపు చేసిన ఎన్నో తెలుగు పుస్తకాలు కాగితం మీద మాత్రమే మిగిలాయి. ఫైలు ఉన్నా, తాళంచెవి పోయిన పెట్టెలాగే ఉంది.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలోని తెలుగువాళ్ళు ఇంకో దారి తొక్కారు. అప్పట్లో కంప్యూటరు ఉత్తరాల్లో ఇంగ్లీషు అక్షరాలు తప్ప వేరేవి పోయేవి కావు. అందుకని ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరం రాయాలో ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్నందువల్ల దానికి ఆర్.టి.ఎస్. అనే పేరు వచ్చింది. ఆ పద్ధతిలో రాసిన ఉత్తరాన్ని ప్రోగ్రాముకు ఇస్తే తెలుగు లిపిలో తయారై వస్తుంది. కైవార తాతయ్య తత్త్వాన్ని కన్నడ లిపిలో మోసినట్టే, వాళ్ళు తమ తెలుగును ఇంగ్లీషు లిపిలో మోశారు. అయితే నియమం ఒకటే కాబట్టి తిరిగి తెలుగులోకి తేవడం సాధ్యమైంది. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు రాసుకుంటే అది సాధ్యమయ్యేది కాదు.

మన దేశంలో ఆ ఉమ్మడి నియమం 1988లో ఇస్కీ పేరుతో వచ్చింది, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. మన లిపులన్నీ ఒకే వర్ణమాల వరుసలోవి కదా. అందువల్ల తెలుగు కకారానికీ, కన్నడ కకారానికీ, హిందీ కకారానికీ ఒకే అంకె ఇచ్చారు. ఏ లిపిలో చూపాలన్నది మీట నొక్కి మార్చుకోవచ్చు. పుణేలోని సీ-డాక్ సంస్థ తయారుచేసిన జిస్ట్ పరికరాల్లో ఈ సదుపాయం ఉండేది.

తర్వాత ప్రపంచ భాషలన్నిటికీ కలిపి యూనికోడ్ వచ్చింది. దాని తొలి కూర్పు 1991లో వెలువడింది. అందులో ప్రతి లిపికీ వేరే వీధి కేటాయించారు. అయితే మన లిపుల వీధుల్లో ఇళ్ళ వరుస మాత్రం ఇస్కీ నుంచే తీసుకున్నారు. తెలుగు వీధి 3072వ నంబరుతో మొదలవుతుంది, కన్నడ వీధి 3200తో. తెలుగు అకారం 3077, కన్నడ అకారం 3205. తెలుగు కకారం 3093, కన్నడ కకారం 3221. లెక్క వేసి చూడండి, ప్రతిచోటా తేడా 128. అంటే కన్నడ లిపిలో టైపు చేసిన తెలుగు తత్త్వాన్ని తెలుగు లిపిలోకి తేవాలంటే ఒక్కొక్క అంకె నుంచి 128 తీసివేస్తే చాలు. వందల పేజీల భజన పుస్తకమైనా రెప్పపాటులో మారిపోతుంది.

కాని ఇందాకటి పాఠం మరవకూడదు. అన్ని ఇళ్ళకూ ఎదురిల్లు లేదు. పైన చెప్పిన ౘ అక్షరానికి 2008లో తెలుగు వీధిలో చోటిచ్చారు. 128 కలిపి కన్నడ వీధికి వెళితే అక్కడ ఆ స్థలంలో అక్షరం లేదు. తెలుగు అరసున్నకు సమానమైన గుర్తుకు కన్నడ వీధిలో 2014లో గాని చోటు దొరకలేదు. కాబట్టి యంత్రం తొంభై తొమ్మిది పాళ్ళు చేస్తుంది. మిగతా ఒక పాలు తెలుగు తెలిసిన మనిషి చూసుకోవాలి.

ఇక బయటికి తీసే పత్రం ఏ రూపంలో ఉండాలన్న ప్రశ్న. ఈనాడు ముఖ్యంగా మూడు నాలుగు రూపాలున్నాయి. మొదటిది వట్టి అక్షరాల ఫైలు. దానికి అందం లేదు, రంగు లేదు. అయితే యూనికోడ్ తెలిసిన ఏ యంత్రమైనా దాన్ని చదువుతుంది. రెండోది ఉత్తరాలు, వ్యాసాలు దిద్దుకొనే పత్రం. ఇందులో కంపెనీకో రకం ఉండేది. 2006లో ఓపెన్ డాక్యుమెంట్ అనే రూపం అంతర్జాతీయ ప్రమాణమైంది. మూడోది పి.డి.ఎఫ్. అడోబీ కంపెనీ 1993లో దాన్ని తెచ్చింది, 2008లో అదీ అంతర్జాతీయ ప్రమాణమైంది. అచ్చు పేజీ ఎలా ఉందో అలాగే ప్రతి యంత్రంలోనూ కనిపించడం దాని గుణం. నాలుగోది ఈపబ్. చిన్న ఫోను తెరకు తగినట్టు వరుసలు సర్దుకొనే పుస్తకరూపం.

తెలుగువారు పి.డి.ఎఫ్. విషయంలో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. అది పేజీకి తీసిన ఫోటో వంటిది. కంటికి చక్కగా ఉంటుంది. కాని మన అక్షరానికి తలకట్టు, గుడి, కొమ్ము, కింద ఒత్తు ఉంటాయి. ఆ ముక్కలను గీసిన వరుసలో దాచుకుంటే, తర్వాత అందులోంచి ఒక పద్యాన్ని నకలు తీసినప్పుడు ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడి చెల్లాచెదురు కావచ్చు. వెతికితే మాట దొరకదు. ప్రోగ్రాము రాసేవారు ఎగుమతి మీటను ఇంగ్లీషుతో పరీక్షించి సంతృప్తి పడితే ఇలాగే అవుతుంది. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం వంటి మాటలతో, కన్నడం, తెలుగు పక్కపక్కన ఉన్న పేజీతో పరీక్షించి చూడాలి. ఫాంటును పత్రంలోపలే చేర్చి పంపాలి. రాసినవారి పేరు, తేదీ, వరుసక్రమం జారిపోకూడదు. నలుగురు కలిసి రాసినదైతే, ఇతరులు రహస్యంగా చెప్పుకున్న సంగతులు దానితోపాటు బయటపడకుండా చూడాలి. మీట పెట్టడం ఒక పూట పని కావచ్చు. ఇవన్నీ చూసుకోవడమే అసలు పని.

అంత అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. యాహూ గ్రూపులు అనే సేవలో ప్రపంచం నలుమూలల తెలుగువాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. 2019 అక్టోబరులో ఆ కంపెనీ, పాత ఉత్తరాలన్నీ తీసివేస్తున్నాం, కావలసినవారు దింపుకోండి అని గడువు పెట్టింది. 2020 డిసెంబరు 15న ఆ సేవ పూర్తిగా మూతపడింది. గడువులోపల దింపుకున్నవారికి దక్కింది. తెలియనివారికి, ఆలస్యమైనవారికి పోయింది. తాటాకును చెదలు కొన్నేళ్ళకు తింటాయి. యంత్రంలోని రాతను ఒక కంపెనీ నిర్ణయం ఒక్క రోజులో తినగలదు.

దీనికి ఎదురుగా మంచి ఉదాహరణ కూడా ఉంది. 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్‌లో పాత తెలుగు పుస్తకాల పేజీల ఫోటోలను పక్కన పెట్టుకొని, స్వచ్ఛందంగా టైపు చేసి, దిద్దుతున్నారు. పూర్తయిన పుస్తకాన్ని ఈపబ్‌గానో పి.డి.ఎఫ్.గానో ఎవరైనా దింపుకోవచ్చు. బ్రౌన్ గారి పండితులు ప్రతులు పోల్చినట్టు, ఇక్కడా ఒకరు టైపు చేసినదాన్ని మరొకరు అసలుతో పోల్చి చూస్తారు. పుస్తకం ఒక్క యంత్రంలో బందీ కాదు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో భజన మందిరాల్లో, నాటక సమాజాల పెట్టెల్లో, పాత ఇళ్ళ అటకల మీద కన్నడ లిపిలో రాసిన తెలుగు నోటుపుస్తకాలున్నాయి. అవి రాసినవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఆంధ్ర పక్కవారికి ఆ లిపి రాదు. మన పక్క పిల్లలకు లిపి వచ్చినా ఆ తెలుగు తగ్గుతోంది. ఈ రెండు పక్కల మధ్య ఆ పుస్తకాలు ఎవరూ చదవలేనివిగా మిగిలిపోయే ప్రమాదముంది.

చేయవలసింది పెద్ద ఖర్చు పని కాదు. పుస్తకం అట్ట నుంచి అట్ట వరకు ప్రతి పేజీకీ ఫోనుతో ఫోటో తీయండి. ఎవరి పుస్తకం, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చిన పాట, ఏ రాగంలో పాడేవారు, మొదటి పేజీలోనే రాయండి. చదువుకున్న పిల్లల చేత ఉన్నది ఉన్నట్టు కన్నడ లిపిలోనే యూనికోడ్‌లో టైపు చేయించండి. తర్వాత దాన్ని తెలుగు లిపిలోకి మార్పించి, పాట తెలిసిన పెద్దల ముందు పైకి చదివించండి. పలుకు తప్పితే వాళ్ళే చెబుతారు. పూర్తయ్యాక రెండు రూపాల్లో దాచండి: చదువుకోవడానికి పి.డి.ఎఫ్., ముందు ముందు మార్చుకోవడానికి వట్టి అక్షరాల ఫైలు. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి ఊరి గ్రంథాలయంలో, ఒకటి దూరాన ఉన్న బంధువు దగ్గర. అసలు నోటుపుస్తకాన్ని బట్టలో చుట్టి భద్రంగా ఉంచండి.

కొత్త ప్రోగ్రాము ఏదైనా చేతికి తీసుకున్నప్పుడు, ఇందులో ఎలా రాయాలి అని అడగడంతో పాటు, రాసినదాన్ని ఎలా తీసుకుపోవాలి అని మొదటి రోజే అడగండి. ఆ ప్రశ్నకు జవాబు లేని చోట తాతల పాటలు దాచకండి. రాతి నుంచి కాగితానికి, ఆకు నుంచి అచ్చుకు, ఒక లిపి నుంచి ఇంకో లిపికి మన పెద్దలు మాటను దాటించారు కాబట్టే అది మనదాకా వచ్చింది. మన తర్వాతివారికి అది అందాలంటే ఈ తెర మీది అక్షరాన్ని దాటించే పని మన వంతు.